పౌడరు మేస్త్రి

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తాయన ఈమధ్య ఒక పాత ఇంగ్లండు మోటారు సైకిలు కొన్నాడు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం, సాయంత్రమైతే సెల్లారులో ఈ బండి ముందు గొంతుక్కూర్చోవడం. మెరుస్తోంది, మోగుతోంది, అంతా బాగుంది. కాకపోతే తెల్లారేసరికి నేలమీద నల్లటి మడుగు కడుతోంది. అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. అందులో ఎవరి పేరూ లేదు, అయినా ఎవరిగురించో అందరికీ తెలుసు.

"ఎక్కణ్ణుంచి కారుతోందో అంతుపట్టడం లేదంకుల్" అన్నాడు దిగులుగా. నేను పైకి వెళ్లి మా ఆవిడ పౌడరు డబ్బా పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. పెద్దాయనకి మతి తప్పిందేమోనని అనుమానంగా చూశాడు. నాకు కోపం రాలేదు. అరవై ఏడో, అరవై ఎనిమిదో, ఆ ప్రాంతంలో విజయనగరంలో ఒక మనిషిని నేనూ అచ్చం అలాగే చూశాను. ఆయన పోయి చాలా ఏళ్లైంది. ఇప్పటికీ పౌడరు వాసన తగిలితే ముందు ఆయనే గుర్తొస్తాడు, మా ఆవిడ తరవాత. ఈ మాట మా ఆవిడకి చెప్పలేదు.

ఆయన మోటారు సైకిళ్ల రిపేరు షెడ్డు మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో ఒక సందులో ఉండేది. ఊరంతా పౌడరు మేస్త్రి అనేవారు. అసలు పేరుతో అడిగితే పక్క టీ కొట్టువాడికి కూడా తెలిసేది కాదు, కాబట్టి ఇక్కడ నేను చెప్పినా ఒరిగేదేమీ లేదు. అప్పట్లో నేను ఒక మందుల కంపెనీకి ఏజెంటుని. విజయనగరం నుంచి టెక్కలి దాకా డాక్టర్లందరినీ కలవడం నా పని. తెల్ల ప్యాంటు, టై, తోలు సంచీ కంపెనీ వాళ్ల పట్టుదల. బండి మాత్రం నా పట్టుదల. యుద్ధం రోజుల్లో సైన్యం వాడి వదిలేసిన ఇంగ్లండు బండి, మా పెదనాన్న చేతుల మీదుగా నాకు దక్కింది. దానిమీద పది మైళ్లు వెళ్లేసరికి నా కుడికాలి ప్యాంటు మోకాలి కింద నల్లబడేది. నెల్లిమర్లలో ఒక డాక్టరుగారి కాంపౌండరైతే, నా బండి చప్పుడు వినగానే సత్తు పళ్లెం పట్టుకుని పరిగెత్తుకొచ్చి దానికింద పెట్టేవాడు. ఇంకెవరికీ జరగని మర్యాద అది.

మొదటిసారి షెడ్డుకి వెళ్లినప్పుడు మేస్త్రి నన్ను చూడలేదు, బండినే చూశాడు. పొట్టి మనిషి, దట్టమైన మీసం, ఖాకీ నిక్కరు. భుజాల మీద మాత్రం తెల్లటి పొడి.

"ఎన్నాళ్లబట్టి ఏడుస్తన్నాది?" అన్నాడు.

"ఎవరు?"

"మీ బండేనండి బాబూ. మనుషుల సంగతి నాకెందుకు?"

ఆయిలు కారడాన్ని ఆయన ఎప్పుడూ కారడమనేవాడు కాదు. ఏడుపే అనేవాడు. ఇంజనుని కిరసనాయిలుతో కడిగి, పాత పంచె గుడ్డతో తడి లేకుండా తుడిచాడు. తరవాత అలమార్లోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు. మేకుకి వేలాడుతున్న గులాబీరంగు పఫ్ తీసి, దాంతో ఇంజను మొత్తం మెత్తగా అద్దాడు. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు కూడా అంత ఓపికగా అద్దరు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అప్పుడు బండి స్టార్టు చేసి, పిడి ఉన్న ఒక చేతి అద్దాన్ని కిందకి దించి, అందులోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తెల్లటి పౌడరు మీద, ఇంజను పక్క మూత అంచులోంచి, సన్నటి నల్లగీత బయల్దేరింది.

"అదిగో. అక్కడ ఏడుస్తన్నాది" అన్నాడు తృప్తిగా. "గాలికి ఆయిలు ఇంజనంతా పాకీస్తాది బాబూ. అంతా తడిగా ఉంటే ఎక్కడ మొదలెట్టిందో బెమ్మక్కూడా తెలీదు."

"దీనికి ముగ్గుపిండి చాలదా మేస్త్రీ?"

"ముగ్గుపిండి గరుకు. లోపలికెల్తే ఇంజనుని నమిలీస్తాది. ఇదైతే మెత్తన. పైగా మంచి వోసన గదా."

ఆ చివరి మాటే అసలు కారణమని నా అనుమానం. ఆ షెడ్డులోకి అడుగు పెడితే కిరసనాయిలూ మల్లెపూల పౌడరూ కలిసిన వాసన వేసేది. అలమార్లో వరసగా పౌడరు డబ్బాలు, నిండువి కొన్ని, ఖాళీవాటిలో స్క్రూలు. సాయంత్రం టీ కొట్టుకి వస్తే భుజాలు తెల్లగా, చేతులు నల్లగా ఉండేవి. "ఏటి మేస్త్రీ, ఇయ్యేల నాటకంలో ఏ వేషమేటి?" అని కొట్టువాడు రోజూ అడిగేవాడు. "నా బళ్లు అందగత్తెలురా, వాటికెడతాను. నీ మొకానికెట్టినా దండగే" అని ఈయన రోజూ అనేవాడు. ఇద్దరికీ విసుగనేదే లేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. మూత విప్పిన ఇంజను ముందు మాట్లాడకూడదు. మూతికి తువ్వాలు కట్టుకుని, మూత మళ్లీ బిగించేదాకా దేవుడొచ్చి పలకరించినా జవాబు ఉండదు. తుంపర్లు పడితే ఇంజను పాడైపోతుందని ఆయన నమ్మకం. ఇది ఏ ఇంజనీరు చెప్పాడో నాకు తెలియదు. మూత బిగించాక మాత్రం, అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి మనమీద పోసేవాడు. మూతకీ ఇంజనుకీ మధ్య పెట్టే ప్యాకింగు కూడా బజార్లో కొనడు. దళసరి కాగితాన్ని మూత మీద పరిచి, అంచు వెంట చిన్న సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోతే, కాగితం సరిగ్గా ఆ ఆకారంలో తెగి చేతిలోకొచ్చేది. ఆ చప్పుడు వినడానికే నేను పని లేకపోయినా వెళ్లి కూర్చునేవాణ్ణి.

ఇంకో పద్ధతి ఉంది. తన చేత్తో మూసిన ఇంజను మళ్లీ ఏడిస్తే, అది ఎంత దూరాన ఉన్నా తనే వెళ్లి చూసేవాడు. అంత గొప్పవాడే గానీ, తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం నేనెన్నడూ వినలేదు. ఒకసారి గరివిడి రోడ్డు లారీలు తిరిగి గుంటలు పడటం వల్ల. ఒకసారి షాపువాడు ఆయిల్లో కల్తీ కలపడం వల్ల. ఏదీ దొరక్కపోతే, యుద్ధంలో ఆ బండి నడిపిన తెల్ల సోల్జరు. "ఆడు గేరు సరిగ్గా మార్సలేదు బాబూ, దాని పాపం ఇప్పుడు పండింది" అనేవాడు. పాతికేళ్ల కిందటి ఆ సోల్జరు మీద ఆయనకి ఎంత కోపమో చెప్పలేను.

అలాంటి మనిషికి ముప్ఫై దాటినా పెళ్లి కాలేదు. షెడ్డు వెనకే ఇంత అన్నం వండుకుని తినేవాడు. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లు ఆయన చేతులు చూసి వెళ్లిపోయేవారు. గోళ్లలోనూ అరిచేతి గీతల్లోనూ ఆ నలుపు ఎంత తోమినా పోయేది కాదు. "సేతులు సూసి ఎల్లిపోతన్నారు బాబూ" అని ఒకసారి నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నౌపడలో ఒక ఉప్పుమళ్ల కాంట్రాక్టరుకి నా బండిలాంటిదే ఉండేది. ఉప్పుగాలికి దాని ఇంజను మూత చిల్లులు పడి, ముట్టుకుంటే పొడి రాలేది. ఆయనకి మేస్త్రి సంగతి చెప్పింది నేనే. మేస్త్రి విశాఖపట్నం వెళ్లి పాత ఇనప సామాన్ల కొట్లన్నీ గాలించి, అదే రకం మూత ఒకటి సంపాదించాడు. దాన్ని గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రోజంతా రుద్దాడు, ఎక్కడా మిట్టపల్లం లేకుండా. తరవాత రైలెక్కి నౌపడ వెళ్లి బిగించి వచ్చాడు. వెళ్లినప్పటి మనిషిలా లేడు. మూతలన్నీ బిగించి ఉన్నా మాట్లాడటం లేదు. ఏమైందని రెట్టించి అడిగాను.

"ఆ ఇంట్లో ఒక పిల్ల ఉన్నాది బాబూ. కాంట్రాక్టరుగారి కూతురు" అన్నాడు. "పనయ్యాక నా సేతులు సూసింది. అందరూ సూసినట్టే సూసిందనుకున్నాను. లోపలికెల్లి కుంకుడు రసం, ఇంత మెత్తటి ఇసక తెచ్చి ఎట్టింది. ‘ఇలా తోమితే పోతాది’ అన్నాది. మొకం తిప్పుకోలేదు."

నలుపు పోయిందా అని నేను అడగలేదు. పోయినట్టు కనపడలేదు. అయినా ఆయన అస్తమానూ చేతులు చూసుకుంటూనే ఉన్నాడు. ఆ పిల్లని చేసుకోవాలని ఆయనకి ఎంత కోరికగా ఉందో సందులో అందరికీ తెలిసిపోయింది.

నేనే నడుం కట్టి, టెక్కలి వెళ్లినప్పుడు నౌపడలో ఆగి కాంట్రాక్టరుగారి చెవిన వేశాను. ఆయన కాదనలేదు. "పనిమంతుడు. సూస్తేనే తెలుస్తాది" అన్నాడు. "కానీ మా ఇంట్లో ఆడపిల్ల సంగతి మేనమామ మాట. మా బావమరిది ఎల్లి సూసొస్తాడు. ముందు సెప్పడు. సెప్పి ఎల్తే అందరూ మంచోళ్లే."

ఆ బావమరిది వచ్చిన రోజు నేను ఊళ్లో లేను. జరిగింది తరవాత టీ కొట్టువాడు చెప్పాడు. గొడుగు చేతిలో పట్టుకుని ఒక పెద్దమనిషి షెడ్డు ముందు నిలబడి, సైకిలు పంపు ఉందా అని అడిగాడట. మేస్త్రి ఇంజను విప్పి, మూతికి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. జవాబు లేదు. పెద్దమనిషి లోపలికి తొంగిచూశాడు. అలమారు నిండా పౌడరు డబ్బాలు. మేకుకి గులాబీరంగు పఫ్. బల్లమీద పిడి ఉన్న అద్దం. షెడ్డంతా మల్లెపూల వాసన. "ఇవన్నీ ఎవరికి మేస్త్రీ?" అని అడిగాడట. మేస్త్రి ఇంజనులోంచి తలెత్తలేదు. పెద్దమనిషి టీ కొట్టుకొచ్చి, "ఈయనకి ఆ పౌడరేటి?" అని ఆరా తీశాడు. కొట్టువాడు ఎప్పటిలాగే, "పౌడరు లేందే మేస్త్రికి పొద్దెల్లదండి" అన్నాడు. ఆ గొడుగు ఎవరిదో తెలిస్తే నాలిక కోసుకునేవాణ్ణని నాదగ్గర ఎన్నోసార్లు వాపోయాడు.

నౌపడలో కాంట్రాక్టరుగారు నన్ను దూరంగా తీసుకెళ్లి సంగతి చెప్పాడు. మేస్త్రి ఎవర్నో చేరదీశాడట, బహుశా నాటకాలావిణ్ణి, అడిగితే మాట పెగల్లేదట. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ పౌడరు ఇంజనుకి రాస్తాడని చెప్పాను. ఆ మాట నా నోటెంట వస్తుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

"ఇంజనుకి పౌడరేటి బాబూ?" అన్నాడు ఆయన జాలిగా. "సేగితుణ్ణి ఎనకేసుకు రావడం మంచిదే. కానీ మా బావమరిది కళ్లారా సూసినాడు."

మేస్త్రికి ఎలాగో చెప్పాను. ఆయనకి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. "మీరొక్కసారి వెళ్లి వివరంగా చెప్పండి" అన్నాను. "ఏటని సెప్పమంటావు? నాకెవరూ లేరని సెప్పుకోడానికి రైలెక్కి ఎల్లాలేటి?" అన్నాడు. మర్నాడు వెళ్తే అలమార్లో డబ్బాలు లేవు. మేకుకి పఫ్ లేదు. పౌడరు లేకుండా, వేలితో తడిమి చూసి బిగిస్తున్నాడు. బాగుచేసిన బళ్లు వారం తిరక్కుండా మళ్లీ వస్తున్నాయి, నాది కూడా. నెల్లిమర్ల కాంపౌండరు మళ్లీ సత్తు పళ్లెం బయటికి తీశాడు. షెడ్డులో ఉత్త కిరసనాయిలు వాసన వేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అలా ఉండగా కాంట్రాక్టరుగారే నన్ను రోడ్డుమీద ఆపి, "మీ మేస్త్రి బిగించిన మూత ఏడుస్తన్నాదని సెప్పండి" అన్నాడు. చెప్పాలా వద్దా అని దారంతా తర్జనభర్జన పడ్డాను. చివరికి చెప్పాను. మేస్త్రి చేతిలో పని ఆపి, "నా సేత్తో మూసిన ఇంజను. ఎల్లాల" అన్నాడు. అంతే.

నా బండి వెనకే ఎక్కించుకున్నాను. ఇంజన్లతో బతికే మనిషికి బండి వెనక కూర్చోవడమంటే భయమని ఆరోజే తెలిసింది. నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని, చిలకపాలెం దాకా దేవుళ్లని తలుచుకున్నాడు. శ్రీకాకుళం వంతెన దగ్గర టీ తాగుతూ, "నా సంగతి ఆళ్లదగ్గర ఎత్తకు బాబూ. బండి సూసొచ్చీద్దాం" అని మాట తీసుకున్నాడు. సరేనన్నాను.

నౌపడలో ఆ ఇంటి అరుగుమీద మంచం వేసుకుని మేనమామ కూర్చుని ఉన్నాడు. గొడుగు పక్కనే ఉంది. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. కాంట్రాక్టరుగారు బండిని వాకిట్లోకి తోశాడు. గుమ్మంలో ఒక చామనఛాయ అమ్మాయి చేట పట్టుకుని నిలబడింది. మేస్త్రి ఆవైపు చూడలేదు. అంత గట్టిగా చూడకుండా ఉండటం కూడా నేనెక్కడా చూడలేదు.

ఇంజను కడిగాడు. తుడిచాడు. సంచీలో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డబ్బాలన్నీ పారెయ్యలేదన్నమాట; సంచీలో ఏముందో నాకు తెలిసిపోయింది. అది బయటికి తీస్తే మేనమామ అన్న మాట నిజమని వాకిలంతా నమ్ముతుంది. తీయకపోతే ఏడుపు ఎక్కడో దొరకదు. "ముగ్గుపిండి అడగనా?" అన్నాను చెవిలో. ఆయన తల అడ్డంగా ఊపాడు. డబ్బా తీశాడు. పఫ్ తీసి, మోకాలికేసి దులిపి, అందరి ఎదటా ఇంజనుకి పౌడరు అద్దడం మొదలుపెట్టాడు. పక్కింటి ఆడవాళ్లు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేనమామ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి తొందరపడలేదు. మూలమూలలా అద్ది, బండి స్టార్టు చేశాడు.

చాలాసేపు ఏమీ రాలేదు. ఎప్పుడు దిగొచ్చాడో, మేనమామ మా పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. తెల్లటి మూత మీద కింది అంచున, ఒక స్క్రూ తల పక్కనుంచి నల్లచుక్క పుట్టి గీతై జారింది.

"ఇదిగో, ఇదిగో. ఇక్కణ్ణుంచొస్తన్నాది" అన్నాడు మేనమామ, ముందు తనే. వేలితో ఆ గీతని తాకి చూసుకున్నాడు. తరవాత డబ్బా వైపు చూశాడు. "ఆ పౌడరంతా ఇందుకేటి?"

"ఇందుకేనండి."

"మరి ఆ దినం అడిగితే సెప్పలేదేటి?"

"ఇంజను ఇప్పి ఉన్నాదండి. మాటాడకూడదు."

మేనమామ మీసం దువ్వుకున్నాడు. మేస్త్రి బండి ఆపి, ఆ స్క్రూని వేలితో తిప్పాడు. అది ఉత్త వేలికే తిరిగింది. నేను తెల్ల సోల్జరు కోసం ఎదురుచూశాను. ఉప్పుగాలైనా, ఇక్కడి రోడ్డైనా, ఏదో ఒకటి వస్తుందనుకున్నాను.

"ఇది నాను బిగించలేదు" అన్నాడు మేస్త్రి.

"మర్సిపోనావేటి?" అన్నాడు కాంట్రాక్టరుగారు.

"పౌడరెట్టి సూడాల, సూళ్లేదు. స్క్రూ బిగించాల, బిగించలేదు. తప్పు నాదేనండి." నేల చూస్తూ అన్నాడు. "ఆ యేల నా సూపు ఇంజను మీద లేదు."

ఆ చూపు ఎవరి మీద ఉందో చెప్పనక్కర్లేకపోయింది. పెళ్లికాని పిల్ల ఇంటి ముందు, దాని తండ్రీ మేనమామా వింటుండగా అనాల్సిన మాట కాదది. మిగిలిన ఆ కాస్త ఆశా పోయిందనుకున్నాను. నా సంచీ తీసుకుని లేవబోయాను కూడా.

మేనమామ గుమ్మం వైపు చూశాడు. చేట పట్టుకున్న పిల్ల లోపలికి పోలేదు. నిలబడి మేస్త్రినే చూస్తోంది. మేనమామ ఆ పిల్లనీ, ఈయన చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. అది గాడిలో పడలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. మేనమామ పంచె ఎగదోపుకుని, రెండు చేతులతో మూతని అదిమి పట్టుకున్నాడు. చేతులకి పౌడరు అంటుకుంటున్నా పట్టించుకోలేదు.

"నిదానం. కంగారేటి?" అన్నాడు. "ఇప్పుడైనా సూపు ఇంజను మీదెట్టి బిగించు, అల్లుడూ."